మూడో అంతస్తు లేని లాడ్జి

ప్రియమైన నాన్నకు,

వచ్చి నాలుగు రోజులైంది. ఫోన్ చేయలేదని అమ్మ సణుగుతూ ఉంటుంది. ఫోన్‌లో నీకు సగమే వినబడుతుంది, మిగతా సగం నువ్వే కల్పించుకుంటావు. అందుకే ఉత్తరం. రెండు రోజుల్లో అందుతుందని పోస్టాఫీసు గుమాస్తా చెప్పాడు గానీ అతని వాలకం చూస్తే నమ్మబుద్ధి కాలేదు.

నువ్వు నేర్పినట్టే పని మొదలుపెట్టాను. ఎక్కడా గైడు పుస్తకం మనిషినని చెప్పడం లేదు. బంధువుల కోసం గదులు చూస్తున్నానంటున్నాను. ఒక రాత్రైనా పడుకోకుండా ఒక్క వాక్యం కూడా రాయడం లేదు. దిండు కింద తెల్ల దారప్పోగు పెట్టి బయటికి పోవడం, తిరిగొచ్చి అది ఉందో లేదో చూడడం. పక్క దులిపి సర్ది ఉంటే దారం ఉండదు. కోట పక్కన మన పుస్తకం మూడు తాళంచెవుల గుర్తు వేసిన ఖరీదైన హోటల్లో రెండు రోజులైనా దారం కదల్లేదు. పాలరాతి స్నానాల గది, వెండి రంగు కుళాయిలు, అందులో నీళ్ళు మాత్రం ఏడుపుమొహం పెట్టుకుని వస్తాయి. స్టేషన్ వెనక ఒక తాళంచెవి సత్రంలో దుప్పటి చిరుగు కనబడకుండా కుట్టి, ఇస్త్రీ చేసి పరిచారు. చేతిలో డబ్బు తక్కువున్నవాళ్ళని నిశ్చింతగా అక్కడికి పంపొచ్చు.

నోట్సు మీద హోటల్ పేరు రాయడం లేదులే. గది ఊడ్చేవాళ్ళు చదివేస్తారనే నీ భయం నాకూ పట్టుకుంది. ఉత్త కాగితం మీద రాసి, ఆ హోటల్ వాళ్ళ కవర్లోనే పెట్టేస్తున్నాను.

ఇక మిగిలింది గడియారం వీధి. అక్కడ ఎదురెదురుగా రెండున్నాయి కదా. చిన్న లాడ్జి గురించి నువ్వు ఇరవై రెండేళ్ళ కిందట రాసిన ముక్క ఇప్పటికీ అచ్చవుతోంది. "మూడో అంతస్తు గదుల్లో నల్లులు. తలుపు గడియ పడదు. చేతిలో ఎంత తక్కువున్నా ఇక్కడ దిగకండి." ఎదురు హోటల్‌ని మాత్రం ఆకాశానికెత్తావు. "లోపలి వాకిట్లో నిమ్మచెట్టు, దాని కింద ఒంటికన్ను పిల్లి, ఎండ వాసన వేసే దుప్పట్లు." రెండూ చూసి రాస్తాను. పాతికేళ్ళ ముద్రణ కదా, వెనక అట్ట మీద నీ ఫోటో వేస్తున్నారు. తప్పులుంటే నీ మొహం మీదే ఉంటాయి.

ప్రేమతో,
నీ అమ్మడు

*

ప్రియమైన అమ్మడూ,

ఉత్తరం మూడో రోజు అందింది. గుమాస్తాల విషయంలో నీ అంచనా బాగుంది.

కోట హోటల్‌కి ఒక తాళంచెవి తగ్గించు. పేరు చూసి భయపడకు.

గడియారం వీధిలో ఎదురు హోటల్ ఒక్కటీ చూస్తే చాలు. చిన్న లాడ్జికి వెళ్ళకు. నల్లులు ఒకసారి పెట్టెలో చేరితే ఇంటిదాకా వస్తాయి. పైగా ఒంటరిదానివి. అదీగాక దాన్ని మూసేసి ఉంటారు. ఆ రెండు ముక్కలూ పాత ముద్రణలో ఉన్నట్టే పంపించెయ్యి. ఆ వీధి నేను స్వయంగా చూసిందే.

అమ్మ నీ చలికోటు గురించి అడుగుతోంది.

ప్రేమతో,
నాన్న

*

ప్రియమైన నాన్నకు,

చలికోటు వేసుకుంటున్నానని అమ్మకు చెప్పు.

ఒక్క లాడ్జికి వెళ్ళొద్దనడానికి నువ్వు మూడు కారణాలు చెప్పావు. ఒకటి చెప్పి ఉంటే ఊరుకునేదాన్నేమో. మూసేసిన లాడ్జిలో నల్లులు ఎవర్ని కుడతాయో అర్థం కాక చూద్దామని వెళ్ళాను.

నాన్నా, దానికి మూడో అంతస్తు లేదు. కిందొకటి, పైనొకటి, ఆపైన ఆకాశం. వీధిలో నిలబడి రెండుసార్లు లెక్కపెట్టాను. రెండో అంకె దాటడం నావల్ల కాలేదు.

నడిపేది ఒక పెద్దావిడ. గది అడిగితే ఇవ్వలేదు. "గదులు మూసేశానమ్మా. నెలాఖరుకి ఎదురు హోటల్ వాళ్ళకి అమ్మేస్తున్నా. పడగొట్టి కార్లు పెట్టుకుంటారట" అంది. ఆవిడ పుట్టింది కూడా ఆ ఇంట్లోనేనట. "ఆ పుస్తకం పట్టుకునే అందరూ ఊళ్ళో దిగుతారు. మా గుమ్మం దాకా వచ్చి, పుస్తకం చూసుకుని, రోడ్డు దాటతారు. కొత్త పుస్తకంలో నాలుగు మంచి మాటలు పడితే అమ్మనవసరం లేదు. ఎవరు రాస్తారులే" అంది. నేనెవరో చెప్పకుండా నీళ్ళు నమిలి వచ్చేశాను.

అక్కడో వింత చూశాను. ఆవిడ కుర్చీ వెనక గోడకి అద్దం కట్టించిన కాగితం ఒకటుంది. మన పుస్తకంలో పేజీయే. లాడ్జిని తిట్టిన ముక్క కాదు, ఎదురు హోటల్‌ని పొగిడిన ముక్క. పోటీవాడి గొప్ప ఎవరైనా సొంత గోడకి తగిలించుకుంటారా? వచ్చినవాళ్ళని అటు పంపి వాళ్ళ దగ్గర ఏమైనా పుచ్చుకుంటోందేమోనని నాకు అనుమానం.

తర్వాత ఎదురు హోటల్లో గది తీసుకున్నాను. శుభ్రంగానే ఉంది, దారం మాయమైంది. కానీ మంచం మీది దుప్పటి తిప్పి చూశాను. నీలం అంచు, మూల మీద చిన్న గడియారం బొమ్మ. ఏటా చలికాలం మొదట్లో పబ్లిషరు పంపుతున్నాడని నువ్వు చెప్పే దుప్పటి ఇదే. నా చిన్నప్పటినుంచీ నేను కప్పుకున్న దుప్పటి ఇదే.

పబ్లిషరుకి దుప్పట్ల వ్యాపారం ఎప్పుడు మొదలైంది?

అమ్మడు

*

ప్రియమైన అమ్మడూ,

ఆ లాడ్జికి పై అంతస్తు ఒకటి ఉండేది. పాతబడిందని తీసేసి ఉంటారు. ఇరవై రెండేళ్ళలో ఎన్ని మారవు.

దుప్పట్లు పబ్లిషరు ఎక్కడ కొంటాడో నాకేం తెలుసు? మంచి దుప్పటి అని అక్కడే కొంటాడేమో. నిన్ను హోటళ్ళు చూడమని పంపారు గానీ నన్ను చూడమని కాదు. ఇంటి మనిషిని అనుమానించడం నేను నేర్పలేదు.

శుక్రవారానికి రాతప్రతి పోస్టు చెయ్యాలి కదా. పాత ముక్కలు పాతగానే పంపు. ఈ విషయం ఇక్కడితో వదిలెయ్యి.

నాన్న

*

నాన్నకు,

వదల్లేదు.

లాడ్జి పక్కన ముప్పై ఐదేళ్ళుగా కుట్టుమిషను పెట్టుకున్న దర్జీ ఉన్నాడు. కోటు గుండీ కుట్టించుకుంటూ అడిగాను. "మూడో అంతస్తా? ఆ గోడలు రెండో దాన్నే కష్టంగా మోస్తున్నాయి తల్లీ" అన్నాడు. కాకమ్మ కథలు చెప్పడం నీకు ఎప్పుడూ చేతకాదు. ఈసారీ కాలేదు.

తర్వాత ఎదురు హోటల్ మేనేజరు దగ్గర నేనెవరో చెప్పేశాను. కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "దుప్పటి ఏటా అందుతోందా అమ్మా? మీ నాన్నగారు మా దుప్పట్లు మెచ్చుకున్నారని మా పెద్దాయన పెట్టిన ఆనవాయితీ. ఆయన రాయకపోతే మేం లేం" అన్నాడు. నిమ్మచెట్టు చూపించమన్నాను. నవ్వాడు. "మీ దగ్గర దాచేదేముంది. అప్పట్లో మాకు వాకిలే లేదు. పుస్తకం చదివి వచ్చినవాళ్ళంతా చెట్టేది, వాకిలేది అని అడుగుతుంటే వెనక గది పడగొట్టి వాకిలి కట్టించాం, తొట్టిలో నిమ్మమొక్క పెట్టాం. పిల్లిని కూడా తెప్పించాం గానీ ఒంటికన్నుది దొరకలేదు" అన్నాడు. అతనికది సరదా కథ.

లేని చెట్టుని రాశావు. లేని అంతస్తుని రాశావు. దుప్పటి పుచ్చుకున్నావు. దీనికి ఏం పేరు పెట్టాలో నువ్వే చెప్పు. హోటల్ వాళ్ళు ఇచ్చిన టీకి కూడా డబ్బులు కట్టి రావాలని నాకు పదేళ్ళప్పుడు నేర్పింది నువ్వు. నువ్వు పెట్టిన దారి కదా అని ఈ పనిలోకి వచ్చాను. ఇప్పుడు ఆ దుప్పట్లు తలుచుకుంటే ఒళ్ళంతా దురదగా ఉంది.

రాతప్రతి వారం ఆలస్యంగా పంపుతానని పబ్లిషరుకి చెప్పాను. నీ జవాబు వచ్చేదాకా ఒక్క అక్షరం పంపను. నిజం రాయకపోతే నాకు తోచింది నేను రాస్తాను, నీ ఫోటో కిందే.

అమ్మడు

*

ప్రియమైన అమ్మడూ,

నేను లంచం తీసుకోలేదు. అది ఒక్కటే నాకు అనుకూలంగా చెప్పుకోగలిగింది. మిగతాదంతా నువ్వు అనుకున్నదానికంటే అధ్వాన్నం.

నేను ఆ రెండు చోట్లా పడుకున్నాను. ముందు ఎదురు హోటల్లో, మూడో అంతస్తులో. నల్లులూ, పడని గడియా అక్కడివే. మర్నాడు చిన్న లాడ్జికి మారాను. చెట్టూ, పిల్లీ, దుప్పట్లూ అక్కడివి. ఆఖరి రోజు ఉదయం రెండు కాగితాలూ పక్కపక్కన పరుచుకుని పోల్చి చూస్తున్నాను. రైలుకి టైమైందని కింది నుంచి కేకేశారు. గబగబా మడిచి కవర్లలో పెట్టాను. కాగితాల మీద పేర్లు లేవు. ఎందుకు లేవో నీకు తెలుసు. అవతలివాళ్ళు చదువుతారని అంత జాగ్రత్తపడిన నేను, నేనే తారుమారు చేస్తానని అనుకోలేదు.

ఆ తర్వాత ఇంకో పదకొండు ఊళ్ళు తిరిగాను. ఇంటికొచ్చి రాసేటప్పటికి గదులన్నీ ఒకే గదిలా ఉన్నాయి. కవరు మీది పేరు నమ్మాను.

ఆ ముద్రణ వచ్చిన నెలకి లాడ్జి ఆవిడ పబ్లిషరుకి ఉత్తరం రాసింది. వాళ్ళు నాకు పంపారు. "అయ్యా, మాకు మూడో అంతస్తు లేదు" అని ఒకే వాక్యం. చదవగానే అంతా అర్థమైంది. అప్పటికి నాకు ఉన్నది ఆ ఒక్క పుస్తకం, నువ్వు ఆరేళ్ళదానివి. తప్పుల తడక అని పేరొస్తే మళ్ళీ పని దొరకదని భయపడ్డాను. "స్వయంగా పరిశీలించి రాసినదే" అని జవాబు రాసి సంతకం పెట్టాను. కవర్లు మారడం పొరపాటు. ఆ సంతకం పొరపాటు కాదు.

మొదటి దుప్పటి వచ్చినప్పుడు తిప్పి పంపితే ఎందుకని అడుగుతారనిపించింది. అందుకే ఉంచేశాను. నీకూ అమ్మకూ పబ్లిషరు పేరు చెప్పాను. నేను చలికాలమంతా ఆ పాత శాలువాతోనే ఎందుకు పడుకుంటానని అమ్మ ఏటా పోట్లాడుతుంది. ఆ దుప్పటి నేను ఒక్క రోజూ కప్పుకోలేదమ్మా. అంతకుమించి ఏమైనా చేసే ధైర్యం నాకు లేకపోయింది.

నీకేం తోస్తే అది రాయి. నిన్న రాత్రి అమ్మకి కూడా చెప్పాను. ఇంకా మాట్లాడటం లేదు.

నాన్న

*

ప్రియమైన నాన్నకు,

నీ ఉత్తరం పట్టుకుని నేరుగా లాడ్జికి వెళ్ళాను. నేనెవరో చెప్పి, ఆవిడ ఎదురుగా కూర్చుని మొత్తం చదివాను. సంతకం దగ్గర ఆగాను. "చదువమ్మా, ఆ జవాబు నా దగ్గరా ఉందిలే" అంది.

చదవడం అయ్యాక లోపలి తలుపు తీసింది. నాన్నా, చెట్టు ఉంది. ఇప్పుడు పై అంతస్తు కిటికీ దాటి పెరిగింది. దాని మొదట్లో నీలం పళ్ళెం ఒకటి బోర్లించి ఉంది. పిల్లి పోయి చాలాకాలమైందట, పళ్ళెం తీయబుద్ధి కాలేదట.

గోడ మీది కాగితం సంగతి ఇప్పుడు తెలిసింది. నేను ఆవిడని కమీషను మనిషి అనుకున్నందుకు సిగ్గుపడ్డాను. "పేరొకటే వాళ్ళది. ఇల్లు నాదే. నా ఇంటి గురించి అంత బాగా ఎవరూ చెప్పలేదు. అందుకని అద్దం కట్టించుకున్నా" అంది. ఇరవై రెండేళ్ళుగా ఆవిడకి అంతా తెలుసు. ఎవరికి చెప్పినా అక్కసుతో అంటోందనుకున్నారట.

సవరణ నేను రాస్తానన్నాను. ఒప్పుకోలేదు. "ఒక రాత్రి పడుకోకుండా రాయకూడదన్నది ఆయన నియమమని నువ్వే అన్నావు కదా. ఆయన్నే వచ్చి పడుకుని రాయమను" అంది. గది నీకోసం తెరిపించింది. నెలాఖరుకి పదకొండు రోజులున్నాయి, అమ్మకం కాగితం మీద ఆవిడ సంతకం పెట్టాల్సింది ఆ రోజే.

నాకు ఇంకా కోపం తగ్గలేదు. అయినా మంగళవారం రైలుకి నీకు టిక్కెట్టు కొని ఇందులో పెడుతున్నాను. నేను పక్క ఊరి హోటళ్ళకి బయల్దేరుతున్నాను. ఈ లాడ్జిలో మనం కలుసుకోవడం ఇప్పుడు వద్దు.

అమ్మడు

*

గడియారం వీధి, చిన్న లాడ్జి, పై అంతస్తు, ఆరో నంబరు గది

ప్రియమైన అమ్మడూ,

చూశావా, ఈసారి అన్నిటికంటే ముందు పేరు రాశాను.

గుమ్మంలో ఆవిడ నన్ను గుర్తుపట్టింది. క్షమించమని అడగడానికి దారి పొడవునా మాటలు కూర్చుకున్నాను, ఒక్కటీ గుర్తురాలేదు. "పై గదిలో వేణ్ణీళ్ళు పెట్టించాను, ముందు స్నానం చేయండి" అంది. మాటలు ఆ తర్వాత వచ్చాయి. తల వంచుకుని అన్నీ చెప్పాను. "ఆ ఒక్క జవాబుకి మాత్రం నేను ఏడ్చాను" అంది. అదే ఎక్కువ తగిలింది.

ఈ ఉదయం అలవాటుకొద్దీ దిండు కింద దారప్పోగు పెట్టి బయటికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి మంచం సర్ది ఉంది, దారం చిన్న చుట్టగా చుట్టి బల్ల మీద పెట్టి ఉంది. "అప్పుడూ ఇలాగే దొరికింది. పుస్తకంలో మా పిల్లి సంగతి చదివాక, ఆ దారం పెట్టి పడుకున్న మనిషే రాశాడని తెలిసింది. అందుకే పొరపాటేనేమో, సరిదిద్దుతారేమోనని మొదట్లో ఎదురుచూశాను" అంది ఆవిడ.

రాతప్రతిలో పెట్టాల్సిన ముక్క దీనితో పంపుతున్నాను, రెండు తాళంచెవులు. ఎదురు హోటల్‌కీ రెండే వెయ్యి. ఇప్పుడక్కడ నల్లులు లేవు, వాళ్ళు కష్టపడి బాగుచేసుకున్నారు. మేనేజరుకి కూడా జరిగింది చెప్పాను. పాపం, లేచి వెళ్ళి తొట్టిలో మొక్కకి నీళ్ళు పోశాడు. వెనక అట్ట మీద నా ఫోటో తీసేసి, ఆ చోట ఏం జరిగిందో నా సంతకంతో వేయమని బయల్దేరకముందే పబ్లిషరుకి రాశాను. వేస్తానన్నాడు, ఇక నాకు పనుండదని కూడా అన్నాడు. ఆవిడ అమ్మకం కాగితం వెనక్కి పంపేసింది.

అమ్మ నాతోపాటు రాలేదు గానీ నా పెట్టె తనే సర్దింది. శాలువా కోసం పెట్టంతా వెతికాను, తను కావాలనే పెట్టలేదు.

నిన్న ఇక్కడి దుప్పటి కప్పుకుని పడుకున్నాను. ఎండ వాసన వేస్తోంది.

నాన్న