గాలి చూడటం రాని వ్యాసకర్త

చెల్లే, తప్పు నీదే. నువ్వు నాతో ఒక్కసారి కూడా పోట్లాడలేదు.

ఆస్ట్రేలియా సముద్ర తీరం నుంచి నువ్వు ఉత్తరాలు రాసేదానివి. ఏ గాలికి పెలికాన్లు ఒడ్డు చేరతాయో, వానకు ముందు నల్ల కాకటూ పక్షులు ఎలా అరుస్తాయో చెప్పేదానివి. రైతు గోస పట్టని తీరిక అంటూ వాటిని నా వ్యాసంలో ఎగతాళి చేశాను. "మంచిగ రాసినవ్ అన్నా" అని ఫోన్లో నవ్వావు. మళ్లీ ఉత్తరం రాయలేదు.

నువ్వు చనిపోయి నేటికి ఏడాది. పొద్దున చంద్లాపూర్‌లో వడ్లు ఆరబోసిన రైతు అడిగాడు: "సారూ, మా గురించి గంత రాస్తవు గదా, గీ గాలికి వాన వస్తదా?"

తెలియదనడానికి నామోషీ పడి, రాదన్నాను. మధ్యాహ్నానికి అతని వడ్లన్నీ తడిశాయి.

నా డిమాండ్లు ఇవి:

నన్ను తిట్టు.

ఆ వ్యాసం తప్పని నాచేతే అచ్చు వేయించు.

ఏ గాలికి వాన వస్తుందో ఒక్క ఉత్తరం రాయి.