నడిచే బుడగలు

అన్నా,

గాలివానకు నీ పడవ బోల్తాపడి నిన్నటికి ఏడాది. నువ్వు దొరకనేలేదు. మనిషిని ఉంచుకున్న నీళ్లలో ఏడాది తిరిగేదాకా ఆ ఇంటివాళ్లు వల వేయకూడదు కదా, మేమూ వేయలేదు. పిల్లలు గంజితోనే బతికారు. ఊళ్లోకి నైలాను వలలు వచ్చాయి. మనది మాత్రం నువ్వు అల్లిన నూలు వలే. ఈ పొద్దున వదిన దాన్ని నా భుజాన వేసి, తనే పడవెక్కి గడ వేసింది.

"ఉన్నచోటే లేచే బుడగ కుళ్లు బురదరా. నడిచే బుడగైతే కింద జెల్లచేపలు మేస్తా ఉండాయని" అని నాకూ వదినకూ నేర్పింది నువ్వే. నీ పడవ మునిగిన చోట సన్నటి బుడగలు బారులుబారులుగా నడుస్తున్నాయి. అన్ని బుడగలు నేనెప్పుడూ చూడలేదు. అక్కడ వాటికంత మేత ఏముందా అనుకున్నాను. ఇక చెయ్యి లేవలేదు.

"వెయ్యవేం అబ్బయా?" అంది వదిన.

"బుడగలు కదల్లేదొదినా. అంతా కుళ్లు బురదే."

అప్పుడు కూడా అవి మా పడవ పక్కనుంచే నడిచిపోతున్నాయి. వదిన వాటినే చాలాసేపు చూసింది.

"అవును, బురదే" అని పడవ తిప్పింది.

ఇంటికొచ్చి పిల్లలకు మళ్లీ గంజే పోసింది.