అక్క ఒక్కపొద్దులు

చెల్లీ తనూజా,

నిన్న జనగామ దవాఖానలో డాక్టరమ్మ, మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇట్లాంటి పేగుల బాధ ఉందా అని అడిగింది. "లేదు మేడం. మా అక్కయితే వారానికి మూడు ఒక్కపొద్దులుంటది, ఆమెకే ఏం కాలే" అన్నావు. పక్కనే కూర్చున్న నేను సిగ్గుతో నోరు విప్పలేదు.

ఆ ఉపవాసాలు చిల్పూరు దేవుడి కోసం కావే. తింటే కడుపు మెలిపెట్టి, విరేచనంలో నెత్తురు పడుతుందని. పదేళ్లయింది. నీకు మొదలైనప్పుడు కూడా "ఒక్కపొద్దుండు, తక్కువైతది" అన్నాను. నన్ను నమ్మి రెండేళ్లు ఎండిపోయావు.

ఈ ఉత్తరం డాక్టరమ్మకు చూపించు. సోమవారం పరీక్షకు నేనూ వస్తాను, నాకూ చేయమను.

ఇంకొకటి కూడా చెప్పు. ఒక్కపొద్దని పళ్లెం పక్కకు జరపడం నేను అమ్మ దగ్గరే నేర్చుకున్నాను.

నీ అక్క