ఇంట్లో బండి ఉందా?

జూన్ 9, 1986

పొద్దున ఫారాల కట్ట విప్పితే సైక్లోస్టైలు సిరా ఇంకా ఆరలేదు. బొటనవేలికి నల్లగా అంటింది.

కాలేజీలో నాకు చదువు చెప్పిన మాస్టారు హైదరాబాదు నుంచి పంపినవి, వాళ్ల సర్వే జట్టు కోసం. ఇరవయ్యేళ్ల తర్వాత ఆ నగరంలో ఎన్ని కార్లుంటాయో, జనం రోజూ ఎటెటు తిరుగుతారో అంచనా కట్టాలట. ముందు ఇక్కడ, నరసరావుపేటలో, నలభై ఇళ్లలో అడిగి చూడాలి — ప్రశ్నలు అర్థమవుతున్నాయో లేదో. వాటిని తెలుగు చేసింది నేనే. ఈ పని సరిగ్గా చేస్తే వాళ్ల జట్టులో ఉద్యోగం.

కొత్తవాళ్ల గుమ్మంలో నిలబడాలంటేనే నాకు చెమటలు. అయినా...

జూన్ 10

ఏడిళ్లు. ఫారం మీంచి తల ఎత్తలేదు. గడుల్లో టిక్కులు మాత్రం చక్కగా పడ్డాయి.

జూన్ 13

ఇరవై రెండిళ్లు. ‘ఇంట్లో బండి ఉందా?’ — దాదాపు అందరూ ఉందనే. మన ఊరు ఇంత ఎదిగిందా!

జూన్ 14

పక్కింటి ఖాసిం బాబాయి స్కూటర్లు బాగుచేస్తాడు. ఫారాలు చూసి ఒకటే నవ్వు. “పుల్లమ్మకి బండుందా? ఈ బజార్లో నేనెరగని బండి యాడుందమ్మా?”

పుల్లమ్మత్తనే అడిగాను. “రోజూ ఇడ్లీలు అమ్మేది దేని మీద? కళ్లు కనపడట్లా ఏమే?”

తోపుడుబండి. కోటయ్య మామది ఎడ్లబండి. ‘నిన్న ఎందులో వెళ్లారు?’ అంటే ఒకాయన “బండిలో” అన్నాడు — మాచర్ల రైలు!

మోటారు వాహనం అని రాయాల్సిన చోట బండి అని రాశాను. వాహనం అంటే దేవుడి ఊరేగింపు అనుకుంటారని.

జూన్ 15

ఏడ్చాను. కాసేపే.

జూన్ 16

మళ్లీ మొదటి ఇంటి నుంచి. ఈసారి తల ఎత్తి — “మీ బండి దేంతో నడుస్తుంది?” ఎడ్లతో. చేత్తో. పెట్రోలుతో. ఎవరూ తడబడలేదు.

పైగా అడగనివీ చెబుతున్నారు. కోటయ్య మామ — “ఈ యేడు మిరప పండితే మోటారు బండే.” లోపల్నించి ఆయన భార్య — “కొను, చూద్దాం. నకరికల్లులో మా అమ్మని వారం వారం చూసొస్తా. ఇప్పుడు ఏడాదికోసారి, అదీ నిన్ను చానా బతిమాలితే.”

ఇంకా కొనని బండి, ఇంకా చేయని ప్రయాణం. వీటికి ఫారంలో గడి లేదు. అంచున పెన్సిలుతో రాశాను. ఇంటికొచ్చేదాకా నాలో నేనే నవ్వుకున్నాను.

జూన్ 19

నలభై పూర్తి. నా పొరపాటు కూడా రాసి, అన్నీ పోస్టు చేశాను. అమ్మ — “తప్పు చేశానని నువ్వే చెప్పుకుంటే ఉద్యోగం ఎవరిస్తారే?”

జూన్ 27

మాస్టారి ఉత్తరం. ‘అంచున రాసినవి మావాళ్లకు నువ్వే చెప్పాలి. బుధవారం హైదరాబాదు రాగలవా? ఉద్యోగం సంగతి ఆ తర్వాత తేలుస్తారు.’

నాన్నకు సెలవు దొరకదు. ఒక్కదాన్నే వెళ్తానన్నాను. నాన్న పేపరు మడుస్తూ — “రేపు చెప్తాలే.”

నేను ఇంతవరకూ ఒక్కదాన్నే బస్సెక్కలేదు. అంచున రాయాల్సిన ప్రయాణం నాదీ ఒకటుంది.