సున్నాతో ముగిసే రీడింగులు

సెంటినరీ కాలనీ,
4 మార్చి 2006

ప్రియమైన మీకు, ప్రభువు నామంలో వందనాలు.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. శ్రమల దినాలని ఈస్టర్ దాకా నలభై రోజులూ షుగర్ గోలీలు మానేసి, పొద్దంతా ఉపవాసం ఉండి, సాయంత్రం జొన్నరొట్టె, తోటకూర మాత్రమే తింటారట. బస్టాండులో కొన్న ఆరోగ్య పుస్తకం, మీ ప్రార్థన కలిసి ఈ దారి చూపించాయట. రొట్టె తినమని నేను రెండేళ్లుగా మొత్తుకుంటే వినలేదు. ఇప్పుడు రొట్టె తింటూ గోలీలు మానమని ఎవరు చెప్పారు? బొగ్గుబాయిలో పంపు దగ్గర ఎనిమిది గంటలు తడి బూట్లలో నిలబడే మనిషి మీరు. క్రిస్మస్‌కు లేచిన కాలివేలి పుండు ఇంకా మానలేదు.

ప్రార్థన చేయండి, గోలీ మింగండి. రెండూ ఒక్క నోటితోనే చేయవచ్చు. వారానికోసారి దవాఖానలో షుగర్ చూపించుకుని అంకె రాయండి. నా నోట్‌బుక్కులో మీ పేజీ తెరిచి పెట్టాను.

మీ
క్రిస్టినా

భూపాలపల్లి,
19 మార్చి

ప్రియమైన క్రిస్టినాకు,

నువ్వు డాక్టరమ్మవు కావలసింది, నా అదృష్టం కొద్దీ కాలేదు. అంకెలు రాసుకో: మొదటి వారం 210, తర్వాత 180, ఈ వారం 160. గోలీ ఒక్కటి ముట్టలేదు. నా గదిలో ఉండే రాయమల్లు మొదట్లో "ఏందన్నా, గోలీలు చేసేటోళ్లను దేవుడు పుట్టియ్యలేదా?" అని నవ్వాడు. ఇప్పుడు నా పుస్తకం అడిగి తీసుకున్నాడు. పుండు కూడా దారికొస్తుంది. ఫికర్ చేయకు.

నీ
జాన్ ప్రసాద్

సెంటినరీ కాలనీ,
2 ఏప్రిల్

ప్రియమైన మీకు,

మొన్నటి కార్డులో 140 అన్నారు. ఆరేళ్ల నోట్‌బుక్కు తిరగేశాను. 187, 223, 196. అన్నేళ్లలో సున్నాతో ముగిసినవి రెండే రెండు. ఇప్పుడు వరుసగా నాలుగా? దవాఖాన మిషన్ మీ ఒక్కరికే అంత మర్యాదగా చెబుతుందా?

మీరు చూపించుకోలేదు. ప్రభువు పేరున ఉపవాసం ఉంటూ భార్యకు అబద్ధం రాశారు. ఇక చెప్పి లాభం లేదు. గోలీలు పార్సిల్ పంపాను. నేను చేయవలసింది నేను చేస్తున్నాను.

క్రిస్టినా
('మీ' అని రాయలేదు, గమనించండి.)

భూపాలపల్లి,
15 ఏప్రిల్

ప్రియమైన క్రిస్టినాకు,

నిన్న ఇంటికి వచ్చాను. ఒక్కసారి కూడా దవాఖానకు పోలేదని నీ ఎదుట ఒప్పుకుందామనుకున్నాను. భయం సూదికి కాదు, అంకెకు. చర్చిలో గుడ్ ఫ్రైడే ఆరాధన మూడింటి దాకా ఉంటుందని, నువ్వు ఇంట్లో ఉండవని మరిచాను. పక్క క్వార్టర్ ఐలవ్వ తాళంచెవి ఇస్తూ, "నీ పెండ్లాం మొన్న నల్లా కాడ కండ్లు తిరిగి పడ్డది. ఎవ్వలకు చెప్పనని ఒట్టేయించుకున్నది. నువ్వు ఎవ్వలో కాదు గద, ఇంటోనివి" అంది.

నోట్‌బుక్కు తెరిచాను. నా పేజీ వెనక నీ పేజీ. నీకూ షుగర్ ఉందని, ఏడాదిగా గోలీలు మింగుతున్నావని ఆ పేజీ చెబితే తెలిసింది. మార్చి ఐదున రాసుకున్నావు: 'ఆయన మానినన్ని రోజులు నేనూ మానుతాను. ప్రభువా, ఆయన మనసు తిప్పు.' కింద 168, 191, 236, 274. ఒక్కటీ సున్నాతో ముగియలేదు.

నీకు ముఖం చూపించలేక బస్సెక్కాను. గదికి రాగానే పార్సిల్ విప్పి గోలీ మింగాను. ఈ ఉదయం దవాఖానలో చూస్తే 287. పుండు కోసి కట్టు కట్టారు. వేలు దక్కుతుందన్నారు, ఇంకో వారం ఆగితే చెప్పలేకపోయేవారట. మంగళవారం దాకా ఈ దవాఖాన మంచం మీదే ఉండాలి. ఈ ఉత్తరం రాయమల్లు తెస్తున్నాడు. జవాబు లేకుండా తిరిగి రావద్దన్నాను.

నీ
జాన్ ప్రసాద్

సెంటినరీ కాలనీ,
16 ఏప్రిల్, ఈస్టర్

ప్రియమైన మీకు, పండుగ వందనాలు.

రాయమల్లు నా ఎదుట కూర్చుని, "వదినా, నువ్వు గోలీ మింగేదాక నేను చాయ్ ముట్ట" అన్నాడు. చాయ్ చల్లారుతోందని మింగాను.

మిమ్మల్ని అబద్ధాలకోరు అన్నాను. నేను అబద్ధం రాయలేదు, అసలు రాయనే లేదు. అది తక్కువ తప్పని ఆరు వారాలు నన్ను నేను నమ్మించుకున్నాను. మీ మనసు తిప్పమని ప్రభువును అడిగాను కానీ, ఈ పద్ధతి సరైనదా అని అడగలేదు. ఇద్దరికీ ఒకే తిక్క. ఐలవ్వ సంగతి తర్వాత చూస్తాను.

రేపు పొద్దున దవాఖానలో చూపించుకుని, మధ్యాహ్నం బస్సుకు రొట్టెలతో వస్తాను. నోట్‌బుక్కులో కొత్త పేజీకి నడుమ గీత గీశాను. ఎడమవైపు మీది, 287 రాశాను. కుడివైపు నా గడి ఖాళీగా ఉంది. ఇప్పుడే సున్నాతో ముగిసే అంకె ఏదో ఒకటి వేసెయ్యమని మనసు ఎంతగా లాగుతోందో.

మీ
క్రిస్టినా