తలకిందుల ముద్ర ఉన్న డాబ్నీ రైఫిల్ ఎవరికి, ఎందుకు

పెన్సిల్వేనియా రాష్ట్రం, టాల్మన్ కౌంటీ, హెమ్లాక్ ఫెర్రీ కాపురస్తుణ్ణి, పాల ట్యాంకరు డ్రైవరుగా రిటైరైనవాణ్ణి, ఎల్వుడ్ హార్న్‌బేకర్ అనే నేను, మోకాళ్లు మొరాయిస్తున్నా బుద్ధి స్థిమితంగా ఉండగానే, ఒకరి ఒత్తిడి గాని ప్రలోభం గాని లేకుండా, నా ఇష్టపూర్వకంగా రాసుకున్న ఆఖరి వీలునామా ఇది. లోగడ రాసినవన్నీ ఇందుమూలంగా రద్దు. రెండు పేజీల్లో ముగించమని లాయరు గారి సలహా. ఆయన గంటల లెక్కన ఫీజు పుచ్చుకునే మనిషి, తొందర ఆయనకు ఉండాలి. నాకు లేదు.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత, నాలాగే పాత తుపాకులు పోగుచేసే మెర్ల్ యోడర్‌కు అప్పగిస్తున్నాను. మెర్ల్‌కూ నాకూ పడదని ఊరంతా ఎరుగును. నేస్తం అయితే మొహమాటానికి పోయి ఎక్కడో ఒకచోట తప్పులో కాలేస్తాడు. పడనివాడు వేలెత్తి చూపించుకోవడం ఇష్టం లేక ప్రతి అక్షరం పాటిస్తాడు. అతన్ని ఎంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది, అది ఆరో అంశంలో వస్తుంది.

2. నేనుంటున్న ఇల్లు, దొడ్డి, దొడ్డిలోని ఆపిల్ చెట్లతో సహా నా కూతురు రోండాకు సర్వహక్కులతో దఖలు చేస్తున్నాను. కొండ మీది వేట గుడిసె, దాని చుట్టూ ఉన్న అడవి మాత్రం రోండాకూ నా కొడుకు క్రెయిగ్‌కూ ఉమ్మడిగా చెందాలి. గుడిసె గోడకు మేకులతో కొట్టి ఉన్న చొక్కా అంచులను ఎవరూ పీకకూడదు. జింకకు గురి తప్పినవాడి చొక్కా అంచు అదే సాయంత్రం కత్తిరించి గోడకు కొట్టడం మా గుడిసె కట్టుబాటు. వాటిలో ఎక్కువ నావే. రేపు మనవలు పుట్టి, తాత గొప్ప వేటగాడని ఎవరైనా వాళ్లకు చెబితే, ఆ గోడ సమాధానం చెబుతుంది.

3. నా భార్య వెర్నా వాడిన ఇనప పెనం క్రెయిగ్‌కు. పిట్స్‌బర్గ్‌లో వాడి వంటింట్లో అంటుకోని పెనాలు పది ఉన్నాయని తెలుసు. కానీ వెర్నా మంచాన పడ్డ చలికాలంలో, ప్రతి శనివారం మంచులో అంత దూరం కారు నడుపుకుంటూ వచ్చి, ఈ పెనం మీదే ఆమెకు బక్‌వీట్ పిండి అట్లు పోసింది వాడే. మొదటి అట్టు ఎప్పుడూ మాడేది. ఆవిడ అదే అడిగి తినేది. పెనాన్ని సబ్బుతో కడగకూడదు.

4. పొరుగింటి ఆర్లో కెస్లర్‌కు నా అల్యూమినియం నిచ్చెన. అది ఎన్నాళ్లనుంచో అతని షెడ్డులోనే ఉంది. ఇకనుంచి చట్టప్రకారం కూడా అతనిదే.

5. డాబ్నీ రైఫిల్ తప్ప నా మిగతా తుపాకులన్నీ క్రెయిగ్‌కు. వాడు వేటాడడు, కాబట్టి అమ్ముకోవచ్చు. ధర మెర్ల్ కడతాడు. ఇంటి కప్పు కారుతోందని వాడు ఫోనులో రెండుసార్లు అన్నాడు. ఈ తుపాకులతో కప్పు వస్తుంది. ఆరో అంశం చదివేటప్పుడు ఈ మాట గుర్తుంచుకో నాయనా.

6. ఇక మీరంతా ఎదురుచూస్తున్న వస్తువు.

డాబ్నీ కంపెనీ మన నదికి ఎగువన ఉండేది. నేను పాల ట్యాంకరు తోలే రోజుల్లో, ప్రతి పాడి రైతు వంటింటి తలుపు వెనకా వాళ్ల రైఫిల్ ఒకటి నిలబడి ఉండేది. పాలు ట్యాంకరులోకి ఎక్కేలోగా నాకు మాత్రం ఏం పని? కాఫీ తాగుతూ తలుపు వెనక చూసేవాణ్ణి. నా చదువంతా ఆ తలుపుల వెనకే జరిగింది. అలా ఒక ఇంట్లో చూశాను, బ్యారెల్ మీద కంపెనీ పేరు వరస మొత్తం తలకిందులుగా ఉంది. పేరు అద్దే ఉక్కు రోలరును ఎవరో తిరగేసి బిగించారన్న మాట. వేట సీజను ముంచుకొస్తున్న తొందరలో సరుకు బయటికి పంపేశారు. అలాంటివి నాకు తెలిసి ఇంకొకటో రెండో ఉన్నాయి. భర్త పోయాక ఆ ఇంటావిడ దాన్ని నాకే అమ్మింది.

కర్మాగారం తప్పు ముద్ర కొడితే తుపాకీ విలువ పెరుగుతుందా, తరుగుతుందా? ఈ ప్రశ్న నన్ను అడగనివాడు లేడు. తపాలా బిళ్ల మీద తప్పు పడితే దానికి రాజయోగం. తుపాకీ మీద తప్పు పడితే ముందు దొంగచూపులే ఎదురవుతాయి. అక్షరం కాస్త వంకరగా పడిందనో, లోతు చాలలేదనో ఎవడూ ఎక్కువ ఇవ్వడు, అలాంటివి ఊరినిండా ఉన్నాయి. పెద్ద తప్పయితే విలువ ఉంటుంది, కానీ అది కర్మాగారంలోనే పడిందని తేలాలి. దానికి నేను చూసే గుర్తు ఒక్కటే. కర్మాగారంలో ముద్ర ముందు, తుప్పు పట్టకుండా వేసే నీలి పూత తరువాత. అక్షరం అడుగున కూడా అదే పూత, అదే అరుగుదల ఉండాలి. అడుగున ఉక్కు మెరుస్తోందంటే ఎవడో తరువాత చేతివాటం చూపించాడని అర్థం. ఇంకొకటి, పాత పూతను గీకి కొత్తగా మెరిపిస్తే అసలుదైనా సగం చచ్చినట్టే. మురికిలోనే దాని జాతకం ఉంటుంది.

నా డాబ్నీలో అన్నీ సరిగ్గా ఉన్నాయి. అయినా అగ్నిమాపక దళం హాల్లో జరిగిన పాత తుపాకుల ప్రదర్శనలో మెర్ల్ దాన్ని ఎత్తి పట్టుకుని, అందరికీ వినిపించేలా అన్నాడు: "ఏం ఎల్వుడ్, గ్యారేజీలో ముద్ర కొట్టేటప్పుడు తలకిందులుగా ఉన్నది రైఫిలా, నువ్వా?" హాలు హాలంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను, అదంతా మా వాళ్ల సరసం. నవ్వనివాడు ఒక్కడే. రోండాను కొత్తగా పెళ్లాడిన డ్వేన్ స్టౌఫర్, నా పక్కనే హామ్ శాండ్‌విచ్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. తింటున్నవాడు తినడం ఆపేశాడు.

డ్వేన్ లేత్ మిషను మీద పనిచేసేవాడు. వెంట్రుకవాసి తేడా కూడా ఓర్చుకోలేడు. మా ఇంట్లో గోడ గడియారం పక్కకు ఒరిగితే, హలో చెప్పకముందే సరిచేసే రకం. డాబ్నీ కంపెనీ మూతపడ్డప్పుడు తుక్కు వేలంలో నేనొక బకెట్టు కొన్నాను. అందులో ఆ పేరు అద్దే రోలరు కూడా వచ్చింది. అది నేలమాళిగ అలమరలో పడి ఉండేది. రైఫిల్ ఉన్న గాజు పెట్టెకు కొత్త తాళం బిగిస్తానని, డ్వేన్ దాన్ని పెట్టెతో సహా పట్టుకెళ్లాడు.

నా డెబ్బయ్యో పుట్టినరోజున కేకు కోశాక, డ్వేన్ ఒక దుప్పటి చుట్ట తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. విప్పితే డాబ్నీ. తప్పు ముద్రను చదును చేసి, అదే రోలరుతో పేరు నిటారుగా అద్ది, బ్యారెల్ మొత్తానికి అద్దంలా కొత్త పూత పూశాడు. "మావయ్యా, ఇక ఏ ఒక్కడు నవ్వినా నాతో చెప్పండి" అన్నాడు. ఎన్ని ఆదివారాలు ఖర్చు పెట్టాడో రోండాకు కూడా తెలియదు. సీరియల్ నంబరును మాత్రం తాకలేదు, అది నేరమని వాడికి తెలుసు. మిగతాది తెలియదు.

డ్వేన్ చేతికి వెళ్లకముందు అమ్మితే ఆ రైఫిల్‌తో మంచి సెకండ్‌హ్యాండ్ పికప్ ట్రక్కు వచ్చేది. ఇప్పుడు దాని టైర్లు కూడా రావు. నేను కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాను. బల్ల కింద వెర్నా నా మోకాలు గట్టిగా పట్టుకుంది. "భలే నీటుగా చేశావోయ్" అన్నాను. అది అబద్ధం కాదు, అంత శుభ్రమైన పని ఆ కంపెనీవాళ్లు కూడా ఎన్నడూ చేయలేదు. తరువాత గిన్నెలు కడుగుతూ వెర్నా చెప్పింది: "ఈ సంగతి ఆ పిల్లాడి చెవిన వేశావంటే, నీకు ఈ ఇంట్లో మళ్లీ షూఫ్లై పై అనేది ఉండదు." బెల్లం పాకం పోసి ఆవిడ కాల్చే ఆ పిండివంట తిన్నవాడెవడూ ఆ బెదిరింపును తేలిగ్గా తీసుకోడు.

మరుసటి ప్రదర్శనకు డ్వేనే రైఫిల్ మోసుకొచ్చి బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మెర్ల్ వచ్చాడు. చూడగానే ముఖం పాలిపోయింది. నా వంక చూశాడు, డ్వేన్ వంక చూశాడు. ఆ నోటికి ఎన్నడూ తాళం ఉండదు. మెర్ల్ రైఫిల్‌ను రెండు చేతులా పట్టుకుని, బ్యారెల్ పొడవునా చూసి, "ముద్ర చక్కగా పడిందోయ్. ఎవడి పనో గాని, చెయ్యి తిరిగినవాడు" అని జాగ్రత్తగా కింద పెట్టాడు. తరువాత కారు దగ్గర నన్ను పట్టుకుని అన్నాడు: "ఒరేయ్, అది అసలుదని నాకు మొదటిరోజే తెలుసురా. నకిలీ అని ఊదరగొడితే విసిగిపోయి నాకు చవగ్గా ఇస్తావనుకున్నా." ఇంతటి వెధవకు ఇంత మంచి బుద్ధి ఎలా పుట్టిందో ఆ దేవుడికే తెలియాలి. అతన్ని ఎంచుకోవడానికి రెండో కారణం ఇదే.

ఇన్నేళ్లూ దాచినవాణ్ణి ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, పోయిన నెల క్రెయిగ్ ఫోను చేసి, "నాన్నా, ఆ తలకిందుల డాబ్నీని నీ తరువాత ఫిలడెల్ఫియా వేలానికి పెడదాం, మతిపోయే ధర వస్తుంది" అన్నాడు. నా పుట్టినరోజుకు వాడు రాలేకపోయాడు, చిన్నప్పుడు చూసిన రైఫిలే ఇంకా వాడి కళ్లలో ఉంది. నేను నోరు మూసుకుని పోతే, పదిమంది ముందు వేలంవాడు చెబుతాడు, దీన్ని ఎవడో పాడుచేశాడని. ఆ ఎవడో ఎవరన్నది క్షణంలో తేలుతుంది. డ్వేన్, అది నువ్వు పరాయివాడి నోట వినడం నాకిష్టం లేదు. వెర్నా ముందే వెళ్లిపోయింది, ఆ షూఫ్లై పై మీద ఆశ ఎలాగూ లేదు.

కాబట్టి సదరు డాబ్నీ రైఫిల్‌ను నా అల్లుడు డ్వేన్ స్టౌఫర్‌కు సర్వహక్కులతో దఖలు చేస్తున్నాను. నీ వల్ల నాకు నష్టం వచ్చిందని నేను ఏనాడూ అనుకోలేదు అని రాస్తే అబద్ధమవుతుంది, వీలునామాలో అబద్ధం రాయకూడదు. రెండు వారాలు అనుకున్నాను. ఆ తరువాత వేట సీజను వచ్చింది. అంత ఖరీదైన వస్తువని అన్నేళ్లు గాజు పెట్టెలో ఉంచినదాన్ని, మొదటిసారి భుజాన వేసుకుని నీతో కొండెక్కాను. పైగా జింక దొరికింది.

7. మళ్లీ తలకిందులుగా అద్దితే సరి కదా అని క్రెయిగ్‌కు తోచవచ్చు. నాకూ తోచింది. ఒకసారి రోలరు చేతిలోకి తీసుకున్నాను కూడా. తప్పును సరిదిద్దడం పొరపాటు. తప్పును పుట్టించడం మోసం. మెర్ల్ చేయవలసిన మొదటి పని, ఆ రోలరును రెండు ముక్కలుగా కోయించడం.

8. ఈ రైఫిల్ విషయమై డ్వేన్‌ను ఎత్తిపొడిచిన వారసుడు, ఎవరైనా సరే, బల్ల దగ్గరైనా ఫోనులోనైనా సరే, తన వాటా కోల్పోతాడు. ఆ వాటా అగ్నిమాపక దళం వారి హామ్ విందుకు పోతుంది. ఇలాంటి షరతు కోర్టులో నిలుస్తుందో లేదో చెప్పలేనన్నాడు లాయరు. క్రెయిగ్ దాన్ని పరీక్షించడని నా నమ్మకం, వాడు అమ్మకు అట్లు పోసినవాడు.

9. ప్రదర్శనలో ప్రతి తుపాకీకీ ట్రిగ్గరు దగ్గర దారంతో ఒక అట్టముక్క కట్టి, దాని పుట్టుపూర్వోత్తరాలు రాయడం మా ఆచారం. వచ్చే ప్రదర్శనలో డాబ్నీని బల్ల మీద పెట్టాలి. అట్టముక్క మీద మెర్ల్ తన దస్తూరీతో ఈ మాటలే రాయాలి, ఒక్కటీ మార్చకూడదు:

"డాబ్నీ రైఫిల్. బ్యారెల్ మీది ముద్ర కర్మాగారంలో పడింది కాదు. వేసినవాడు డ్వేన్ స్టౌఫర్, తన మావయ్యను చూసి ఎవరూ నవ్వకూడదని. అమ్మకానికి లేదు."

పైన రాసినదంతా నేను స్వయంగా రాసి, సాక్షుల ఎదుట గట్టిగా చదివి, వాళ్లు నిద్రపోలేదని నిర్ధారించుకున్నాక చేవ్రాలు చేస్తున్నాను.

హెమ్లాక్ ఫెర్రీ, 2019 అక్టోబరు 14

(సం.) ఎల్వుడ్ హార్న్‌బేకర్

సాక్షులు:
లొరెట్టా బ్రూబేకర్, పోస్టాఫీసు గుమాస్తా
హార్లన్ ఫ్రిట్జ్, అగ్నిమాపక దళం కోశాధికారి