గరుకు ముక్క

చిట్టీ,

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. పిల్లి కూడా బాగానే ఉంది, నీ కుర్చీ ఖాళీ చేయమంటే మాత్రం వినడం లేదు. ఆసుపత్రికి దగ్గరని మీ అక్క ఇంట్లో దిగావు కదా, వదిన పెట్టే కాపడంతో నడుము కాస్తయినా సర్దుకుందా?

"ఆపరేషన్ వాయిదా వేశారు, కారణం చెప్పరు, నాకేదో పెద్ద రోగం ఉంది, అందరూ కలిసి దాస్తున్నారు" అని రాశావు. డాక్టరు నీ మొహంలోకి చూడకుండా మాట్లాడాడనీ, వదిన ఫోను పట్టుకుని వరండాలోకి వెళ్ళిందనీ రాశావు. ఇన్నాళ్ళూ అనుమానాలు నా సొత్తనుకున్నాను, నీకూ అంటించినట్టున్నాను. నీకు కొత్త రోగమేమీ లేదు.

నీ వెన్నుపూసల మధ్య పెట్టే లోహపు ముక్కను మా వర్క్‌షాపులోనే నీ కొలతకు చేశారు కదా. దాన్ని తిప్పి తిప్పి చూశాను. పైనా కిందా గరుకు, లోపలంతా చిల్లులు. కుళాయిలూ తలుపు పిడులూ అద్దంలా మెరిపించిన చేయి నాది, ఇక్కడ చేరి నెల తిరగలేదు. పాలిష్ పట్టని సరుకు మనకు అంటగడుతున్నారనుకున్నాను. సూపర్‌వైజరమ్మని అడిగితే "అది అలాగే ఉండాలి, వెళ్ళి నీ పని చూసుకో" అంది. అంత పొడిగా అనేసరికి నా అనుమానం రెట్టింపైంది.

అందరూ భోజనానికి వెళ్ళినప్పుడు దాన్ని నున్నగా పాలిష్ పట్టేశాను. నీ ఒంట్లో ఉండేది, ఒరుసుకోకూడదని. మొహం చూసుకునేంత బాగా వచ్చింది, మురిసిపోయాను కూడా.

అది చూసి సూపర్‌వైజరమ్మ తిట్టలేదు, కూర్చోబెట్టింది. "ఎముక ఆ గరుకునే పట్టుకుని, ఆ చిల్లుల్లోకి పెరుగుతుందయ్యా. నున్నగా చేస్తే దేన్ని పట్టుకుంటుంది? పూసలు అతుక్కోవు" అంది.

ఆపరేషన్ ఆగింది నా వల్లే చిట్టీ. నీకు చెప్పొద్దని వదిననీ డాక్టరునీ బతిమాలిందీ నేనే. నువ్వు పళ్ళు బిగించి పడుకునే రోజులు నేనే పెంచాను. నన్ను తిట్టు, వాళ్ళను మాత్రం అనుమానించకు.

నన్ను పనిలోంచి తీయలేదు, ముక్కలు పెట్టే గది తాళం మార్చారంతే. నిన్న కొత్త ముక్క వచ్చింది. ఆవిడ గ్లవ్స్ ఇచ్చి "ఒకసారి పట్టుకుని చూస్తావా?" అంది. వద్దన్నాను. ఆ గది అద్దం ఇవతల నుంచే చూశాను. మొదటిదానికంటే గరుగ్గా ఉంది. ఎంత గరుగ్గా ఉంటే అంత బాగుండుననిపించింది.

ఇట్లు,
చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డ
నీ మొగుడు